కొడుకు తిన్నాకే

మా అత్తమ్మ సత్తెమ్మకు దేవుళ్లతో పెద్దగా పనిలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఎత్తిపొడవడానికీ కాదు, ఉన్నమాట చెబుతున్నాను. ఇస్నాపూర్‌లోని మా ఇంట్లో పూజగది లేదు, గోడకు ఒక్క పటం లేదు. మా మామ వెంకటేశం ఉన్నన్నాళ్లూ యూనియన్ మనిషి. నేను పెళ్లై వచ్చిన నాడు హాల్లో కనిపించిన అలంకారమల్లా యూనియన్ వాళ్లు అచ్చేసిన క్యాలెండరు, దాని పక్కన గోడ గడియారం. మా ఆయన శ్రావణ్‌కుమార్ ఈ విషయంలో తండ్రిని మించినవాడు. బోనాల చందాకు వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, చాయ్ పోసి, తానెందుకు చందా ఇవ్వడో అరగంట విడమరిచి చెప్పి పంపుతాడు. మరుసటి ఏడాది నుంచి వాళ్లు మా గేటు వైపు చూడకుండా పోతున్నారు. నేను సంగారెడ్డి పిల్లను, పటాన్‌చెరు బడిలో సైన్సు చెప్తాను. నాకు పూజల మీద కోపమేమీ లేదు, ఓపిక లేదంతే.

అలాంటి ఇంట్లో అన్నం దగ్గర మాత్రం ఒక తంతు నడిచేది. అత్తమ్మ కంచం ముందు కూర్చోగానే తొలి ముద్ద తీసి కళ్లకద్దుకుని, కంచం అంచున పెట్టి, గొణిగినట్టు మూడు మాటలు అనేది. పండిచ్చినోళ్లు సల్లగుండాలె, వండినోళ్లు సల్లగుండాలె, పనికి వోయినోళ్లు సల్లగుండాలె. అందులో ఏ దేవుడి పేరూ లేదు. ఎవరికి చెప్తున్నవే అమ్మా అని శ్రావణ్ ఏడిపిస్తే, బువ్వకు చెప్తున్న, నువ్వు తిను అనేది. అక్కడితో ఆ చర్చ ముగిసేది. ఆమెతో వాదన పెట్టుకున్నవాళ్లెవరూ గెలవగా నేను చూడలేదు.

ఇది నన్నేమీ ఇబ్బంది పెట్టలేదు. నా ప్రాణం తీసింది రెండో అలవాటు. ఫ్యాక్టరీకి పోయిన మనిషి తిననిదే ఆమె తినదు. మామ బతికినన్నాళ్లూ ఆయన కోసం ఆగింది. ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో మంచంలోనే పోయాక, అప్పటికే మందుల కంపెనీలో చేరిన కొడుకు కోసం ఆగడం మొదలుపెట్టింది. మామూలు తల్లులు కూడా కొడుకు కోసం ఎదురుచూస్తారు, కాసేపు చూసి ఆకలేస్తే తినేస్తారు. ఈమె అట్లా కాదు. మధ్యాహ్నం దాటినా, సాయంత్రమైనా మంచినీళ్లు తప్ప ఇంకేదీ నోట్లో పెట్టదు. ఎందుకని అడిగితే అలవాటు అంటుంది. ఏ ఎల్లమ్మకో మొక్కుకుని ఉంటుంది, కొడుకు ఎగతాళి చేస్తాడని దాస్తోందని నేను అనుకునేదాన్ని.

అంతమాత్రాన ఆమె మెతక మనిషి అనుకుంటే పొరపాటు. పెళ్లై వచ్చేనాటికి అత్తగారింటికి రెండెకరాల పొలం ఉండేదట. అది ఫ్యాక్టరీ గోడ లోపలికి పోయింది. తర్వాత ఊళ్లోవాళ్ల మళ్లలో నాట్లకు పోయింది, మళ్లు కూడా పోయాక డబ్బాలకు మూతలు బిగించే షెడ్డులో పనిచేసింది. ఇప్పుడు మా ఇంటి మీది మూడు గదులు కిరాయికి ఇచ్చి, వాటి మీద ఆమే రాజ్యం చేస్తోంది. అద్దెకుండే ఒడిశా, బిహార్ పిల్లలు షిఫ్టు దిగి మెట్లెక్కుతుంటే కింద నుంచి కేకేస్తుంది, ఖానా ఖాయా అని. ఆమెకు వచ్చిన హిందీ అంతా ఆ రెండు మాటలే. ఖాయా అమ్మా అంటే సరే. లేదంటే ఇంత అన్నం గిన్నెలో వేసి పైకి పంపాల్సింది నేను.

మూడేళ్ల కింద ఆమెకు షుగర్ బాగా ముదిరింది. డాక్టరమ్మ పొద్దున, సాయంత్రం ఇన్సులిన్ సూది రాసింది. సూది వేసుకున్నాక అరగంటలో తినాలి, తినకపోతే షుగర్ పడిపోయి మనిషి కిందపడిపోతుంది, ప్రాణానికే ముప్పు అని మా ముగ్గురినీ ఎదురుగా పెట్టుకుని చెప్పింది. సూది రోజూ ఒకే వేళకు వేసుకోవాలని కూడా చెప్పింది. అత్తమ్మ బుద్ధిగా తలూపింది. ఆ తలూపడమే మా కొంప మీదికి తెచ్చింది. ఎందుకంటే ఆమె డాక్టరమ్మ మాటా పాటిస్తుంది, తన పట్టింపూ పాటిస్తుంది. గడియారం ఏడు కొట్టగానే సూది పడాల్సిందే. అన్నం మాత్రం కొడుకు తిన్నాకే. ఈ రెండూ ఒకదాన్నొకటి కరుస్తాయని ఎంత చెప్పినా ఆమెకు ఎక్కలేదు.

పొద్దటి షిఫ్టు వారంలో చిక్కు లేదు, శ్రావణ్ తినే బయల్దేరతాడు. సాయంత్రాలు ఏదో రకంగా గడుస్తాయి. నైట్ షిఫ్టు వారంలోనే నాకు గుండె దడ. షిఫ్టు దిగి, కంపెనీ బస్సెక్కి, అతను ఇల్లు చేరేసరికి పొద్దున ఏడు దాటుతుంది. అప్పుడు తల్లీకొడుకులు ఎదురెదురుగా కూర్చుని వేడన్నం తింటారు. నువ్వు వచ్చాకే ఆమె సూది వేసుకునేలా చూడు అని శ్రావణ్‌కు చెప్పాను. చెప్పిన, వినదు అన్నాడు. ఊరందరికీ హేతువాదం చెప్పే మనిషి, తల్లి దగ్గరికి వచ్చేసరికి రెండు ముక్కల్లో చేతులెత్తేశాడు. బస్సు ఎప్పుడూ ఆలస్యం కాలేదు కాబట్టి మేమూ ఊరుకున్నాం.

ఆ ఆదివారం బస్సు రాలేదు.

నేను చారు పోపు పెట్టి బయటికి వచ్చేసరికి అత్తమ్మ సూది వేసుకుని, పొట్ట మీద దూదితో ఒత్తుకుంటూ కూర్చుని ఉంది. చూస్తూనే ఒళ్లు మండింది. ఆయన రానిదే ఎందుకు పొడుచుకున్నావంటే, గడియారం వైపు చెయ్యి చూపించింది. సరే, పావుగంటలో వస్తాడులే అనుకున్నాను. పావుగంట అయింది. ఇంకో పావుగంట గడిచింది. ఫోన్ చేస్తే స్విచాఫ్. వాళ్ల కంపెనీలో ఫోన్లు లాకర్లో పెట్టి లోపలికి పోవాలి, కాబట్టి అది వింత కాదని నాకు నేనే చెప్పుకున్నాను. గేటు దగ్గరి సెక్యూరిటీ నంబరుకు చేశాను. మోగుతోంది, ఎత్తేవాళ్లు లేరు.

అంతలో మీది గదిలో ఉండే ఒడిశా పిల్లవాడు మెట్లు దిగివచ్చాడు. అటువైపు కంపెనీల్లో ఎక్కడో గ్యాస్ లీకైందని, సైరన్ కొట్టారని, గేట్లు మూసి ఎవరినీ బయటికి వదలడం లేదని వాళ్ల గ్రూపులో మెసేజ్ వచ్చిందట. ఏ కంపెనీ అంటే తెలియదన్నాడు. నేను కళ్లతో ఆపుతున్నా వినకుండా మొత్తం అత్తమ్మ ముందే చెప్పేశాడు. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, గోడకు ఆనుకుని కూర్చుంది.

నా మనసు అక్కడికి పరిగెత్తుతోంది, కళ్లు మాత్రం ఆమె మీద నిలపాలి. అన్నం పెట్టి తెచ్చాను. వద్దంది. పాలు తెచ్చాను. వద్దంది. ఇది తిండి కాదు, మందు అనుకో అని చక్కెర నీళ్లు తెచ్చాను. చక్కెర తిండి గాక ఏంది అని మొహం తిప్పుకుంది. ఫోనులో మళ్లీ మళ్లీ అతని నంబరు నొక్కుతూనే ఉన్నాను. అదే గొంతు అదే మాట చెప్తోంది.

చూస్తుండగానే ఆమె నుదుటి మీద చెమట పట్టింది. ఫ్యాను గిర్రున తిరుగుతోంది, అయినా మెడ కింద రవిక తడిసిపోయింది. వేలు పొడిచి మీటరు పెడితే అరవై చూపించింది. ఇంకా దిగుతుందని నాకు తెలుసు. పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాను, బతిమాలాను, చివరికి గట్టిగా అరిచాను. నీ కొడుకు వచ్చేసరికి నువ్వు శవమై ఉంటే ఆయన ఏం తింటాడు అని కూడా అన్నాను. అంత మాట అనాల్సింది కాదేమో. కానీ భయంలో ఏ మాట వస్తే ఆ మాట అంటున్నాను.

అప్పుడు చెప్పింది ఆమె, ఇన్నేళ్లలో మొదటిసారి. శ్రావణ్ ఇంకా పాకుతున్న రోజుల్లో మామ పనిచేసే ఫ్యాక్టరీలో గొడవైంది. యాజమాన్యం గేటు మూసింది. పనివాళ్లు బయటికి రామని లోపలే కూర్చున్నారు. ఆడవాళ్లు డబ్బాల్లో అన్నం తీసుకుపోతే కాపలావాళ్లు లోపలికి పోనివ్వలేదు. అప్పుడు ఆడవాళ్లంతా ఆ డబ్బాలతోనే గేటు ముందు రోడ్డు మీద కూర్చున్నారు. లోపలివాళ్లు తినేదాకా మేమూ తినం అన్నారు. ఎండలో అట్లాగే కూర్చున్నారు. చీకటి పడేముందు గేటు తెరిచారు. అందరూ ఆ రోడ్డు మీదే కూర్చుని, ఎవరి డబ్బా ఏదో చూడకుండా కలిసి తిన్నారు. ఆ మూడు మాటలు కూడా ఆనాడు ఎవరో ఒకామె అంటే అందరూ అన్నవే.

నేను నోరు తెరుచుకుని విన్నాను. ఏ ఎల్లమ్మ మొక్కూ కాదు. నా అంచనా అంతా తప్పే.

“మేం తినకుండ కూసున్నం గనుకనే గేటు తెరిచిండ్రు,” అంది. మాట ముద్దముద్దగా వస్తోంది. “తర్వాత ఒక్క దినం ఆకలికి తాళలేక ముందుగాల తిన్న. ఆ దినమే ఆయన చేతి ఏలు మిషిన్ల పడ్డది. ఇగ నేను తిన బిడ్డా. నన్ను ఇడిసిపెట్టు.”

“ఏలు మిషిన్ల పడ్డది అత్తమ్మా, నీ కంచంల కాదు,” అన్నాను. కోపంతో అన్నానో ఏడుపుతో అన్నానో తెలియదు. ఆమె విననే లేదు. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి ఒకసారి నాట్లకు పోదామా అని అడిగింది. ఆ మాటతో నా పై ప్రాణం పైనే పోయింది. తల పట్టుకుని నోట్లో చక్కెర నీళ్లు పోయబోతే పళ్లు బిగించింది. నీళ్లు గదవ మీదుగా కారిపోయాయి. ఇంకా బలవంతం చేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని భయం. ఒడిశా పిల్లవాడిని నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యమని, నేను చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తాను.

పక్కిల్లు షాహజాదీ చిన్నమ్మది. ఆమె భర్త లతీఫ్, మా మామ ఒకే ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లు. లతీఫ్ చిచ్చా ఇప్పటికీ అరుగు మీద పేపరు చదువుతూ అటుగా పోయే ప్రతివాడికీ సలహా చెప్తుంటాడు. చిన్నమ్మ కూరగాయలు తరుగుతోంది. నేను చెప్పిందాంట్లో సగం కూడా వినకుండానే లేచింది. మోకాళ్ల నొప్పులతో నాలుగడుగులకోసారి ఆగే మనిషి, మా ఇంట్లోకి నాకంటే ముందే వచ్చింది.

వంటింట్లోకి పోయి గిన్నెలోని అన్నం పళ్లెంలో వేసుకుంది. చక్కెర డబ్బా ఎక్కడని అడగలేదు, ఆమెకు తెలుసు. పిడికెడు చక్కెర అన్నంలో పోసి, పాలు చల్లి, వేళ్లతో మెత్తగా పిసికింది. వచ్చి అత్తమ్మ ముందు చతికిలబడి, ఆమె గదవ పట్టుకుని తన వైపు తిప్పుకుంది. ఆమె పట్టింపు తప్పని గానీ, మూఢనమ్మకమని గానీ ఒక్క ముక్క అనలేదు.

“సత్తెమ్మా, నన్ను సూడు. ఆ దినం గేటు కాడ నా కడుపుల రాహిల్ ఉండె. నేను కళ్లు తిరిగి పడితే నువ్వేం చేసినవ్? నీ డబ్బా ఇప్పి నాకు తినిపియ్యలే? లతీఫ్ లోపల ఆకలితోనే ఉండె. నేను ఆయన కన్న ముందే తిన్న. ఆయనకేమన్న అయిందా?”

అత్తమ్మ ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. గుర్తుపట్టిందో లేదో నాకు అర్థం కాలేదు.

“నువ్వు పెట్టిన ముద్ద నేను తిన్న,” అంది చిన్నమ్మ. “ఇయ్యాల నేను పెడుతున్న. తినవా?”

బిస్మిల్లా అంటూ ముద్ద ఆమె నోటి దగ్గర పెట్టింది. ఆ క్షణం నేను ఎంత అల్లాడిపోయానో చెప్పలేను. అత్తమ్మ పళ్లు బిగించే ఉన్నాయి. చిన్నమ్మ చెయ్యి కదల్చలేదు. ముద్ద కరిగి పాలు ఆమె మణికట్టు మీదికి కారుతున్నాయి. అప్పుడు అత్తమ్మ సల్లగుండాలె అనబోయింది. ఎవరు సల్లగుండాలో, ఆ ముందు మాట మాకు వినపడలేదు. ఆ మాట కోసం నోరు తెరిచింది, చిన్నమ్మ ముద్ద లోపల పెట్టింది. మింగింది. రెండో ముద్ద పెట్టింది. మూడో ముద్దకు ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, అయినా నములుతూనే ఉంది. నేను గోడకు జారగిలబడి కూర్చుండిపోయాను.

అంబులెన్సు వచ్చేసరికి ఆమె మాట తేటపడింది. అందులో వచ్చిన పిల్లలు మీటరు పెట్టి చూసి, ఫరవాలేదు, కడుపు నిండా పెట్టి పడుకోబెట్టండి, రేపు డాక్టరుకు చూపించండి అని వెళ్లారు. నేను చారన్నం కలిపి ఇస్తే మారుమాట్లాడకుండా తిన్నది. తిన్నంతసేపూ తల ఎత్తలేదు. కొడుకు ఏమయ్యాడో తెలియకుండా తింటోంది మరి. ఆ కంచం ముందు ఆమె దొంగతనం చేసినదాని లెక్క కూర్చుంది. ఆమె బతికిందని సంతోషపడే తీరిక కూడా నాకు లేదు, రెండో భయం అట్లాగే ఉంది.

తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఎత్తడానికి నా చెయ్యి రాలేదు. చిన్నమ్మే ఎత్తి నా చెవి దగ్గర పెట్టింది. శ్రావణ్ గొంతు. లీకైంది వాళ్ల కంపెనీలోనే, కానీ చిన్నది, ఎవరికీ ఏమీ కాలేదు. సైరన్ మోగితే అందరినీ మైదానంలో నిలబెట్టి తలలు లెక్కపెడతారు. ఆ లెక్కలో ఒక మనిషి తగ్గాడు. ఆ మనిషి దొరికేదాకా ఎవరూ కదలడానికి లేదు, ఫోన్లు ముట్టడానికి లేదు. లోపలంతా వెతికారు. చివరికి చూస్తే ఆ మహానుభావుడు కార్డు కొట్టకుండా ముందే ఇంటికి పోయి నిద్రపోతున్నాడట. నేను ఫోనులోనే భోరుమన్నాను. ఏమైందే అని అతను భయపడిపోయాడు. వచ్చాక చెప్తానన్నాను.

అతను బస్సు దిగి వస్తుంటే నేను మా గేటు బయటే పట్టుకున్నాను. జరిగిందంతా గబగబా చెప్పాను. మొహం పాలిపోయింది అతనికి. నువ్వేమన్నా తిన్నావా అని అడిగితే, రాత్రి క్యాంటీన్లో తిన్నదే, పొద్దున నిలబెట్టిన చోట మంచినీళ్లు తప్ప ఏమీ ఇయ్యలేదన్నాడు. అయితే ఆమె అడిగితే తిన్నానని చెప్పు అన్నాను. ఇట్లాంటి పట్టింపులకు తలవంచడం కన్నా పోట్లాట మేలనే మనిషి. సరే అని లోపలికి నడిచాడు.

అత్తమ్మ చాప మీద పడుకుని ఉంది. కొడుకును చూడగానే లేవబోయి, కళ్లు తిరిగి ఆగింది. అతను పక్కన కూర్చుంటే తల, భుజాలు, చేతులు తడిమింది. వేళ్లు కూడా ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. తర్వాత అడిగింది.

“తిన్నవా బిడ్డా?”

“తిన్న అమ్మా. గేటు కాడ అందరికీ ఉప్మా పెట్టిండ్రు. పొద్దుగాల్నే తిన్న.”

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసింది. మంచిది అంది. అటు తిరిగి పడుకుని కళ్లు మూసుకుంది. చిన్నమ్మ ఆమె మీద దుప్పటి కప్పి, మధ్యాహ్నం వస్తానని చెప్పి వెళ్లిపోయింది.

శ్రావణ్‌కు ఆకలి దంచేస్తోంది. కంచం చప్పుడు కాకూడదని గిన్నెలోనే ఇంత అన్నం పట్టుకుని, వంటింట్లో తలుపు చాటున నిలబడి తినసాగాడు. చారు వేడి చేస్తే స్టవ్ టకటకమంటుందని అది కూడా వద్దన్నాడు. ఉప్పేసిన చల్లన్నం అట్లాగే మింగుతున్నాడు. నేను గుమ్మంలో కాపలా ఉన్నాను, హాల్లో ఆమె కదిలితే సైగ చెయ్యడానికి. ఇద్దరం పెళ్లైన కొత్తలో కూడా ఇట్లా దొంగల్లా వంటింట్లో నిలబడలేదు.

హాల్లోంచి ఆమె గొంతు వినిపించింది. ఇటు తిరగను కూడా లేదు, కళ్లు మూసే ఉన్నాయి.

“చందనా, వాడు ఉత్త బువ్వ మింగుతుండు. చారు ఏడి చేసి పొయ్యి బిడ్డా.”

శ్రావణ్ చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది. నేను స్టవ్ వెలిగించాను.